పదకొండు అడుగుల తేడా

మా ఊళ్ళో సగం మంది మా అత్తయ్య చేతుల్లో పుట్టారు. మిగతా సగం, ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "నేను సెలవు పెట్టిన రోజులు చూసుకుని వచ్చేసిన తొందరగాళ్ళు." ఊరి నడిబొడ్డున ఉన్న పాత ప్రసూతి ఆసుపత్రిలో ఆవిడ ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసింది. అందరూ పెద్ద సిస్టరు అనేవాళ్ళు. ఆసుపత్రిని ఊరి చివరికి మార్చిన ఏడాదే రిటైరైంది. ఆ తర్వాత మూడేళ్ళకి కంటినరం దెబ్బతిని చూపు కొంచెం కొంచెంగా పోయింది. నేను చెప్పబోయే ఎండాకాలం మొదలయ్యేసరికి ఆవిడ మా గడప దాటి పద్నాలుగు నెలలు.

ఇంట్లో బాగానే తిరిగేది. గోడ పట్టుకోకుండా వంటింట్లోకి వచ్చి, నేను పాలు పొంగబెట్టిన సంగతి వాసనబట్టి కనిపెట్టి, నాలుగు మాటలు అంటించి వెళ్ళేది. వీధిలోకి మాత్రం రానంటే రాననేది. డాక్టరు కొనిపించిన చేతికర్ర అటకెక్కింది. సాయంత్రం పార్కుదాకా నడిచొద్దాం రమ్మంటే ఎప్పుడూ ఒకటే జవాబు.

"నా చేతుల్లో పుట్టినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారా? 'అయ్యో, పెద్ద సిస్టరుకి ఎంత గతి పట్టింది' అని నలుగురూ నిలబడి చూస్తారా? నాకక్కర్లేదే అమ్మాయ్. ఈ గది చాలు నాకు."

చాలదని నాకు తెలుసు. మనిషి నెలనెలకీ చిక్కిపోతోంది. రేడియో పెట్టుకోవడం కూడా మానేసింది. మా ఆయన ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, మోటార్లు బాగుచేస్తాడు. ఏది ఆగిపోయినా విప్పి చూస్తే తెలుస్తుందని నమ్మే మనిషి, తల్లి దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాడు. ఆవిణ్ణి ఎలాగైనా నలుగురిలోకి తీసుకురావాలన్నది ఆ ఏడు నా పట్టుదల. నాకు పట్టుదల ఎక్కువ, ఓపిక తక్కువ, నోరు ఆ రెండిటికంటే పెద్దది. ఈ మూడూ ఒకే ఒంట్లో ఉంటే ఏమవుతుందో ఆ ఎండాకాలమే నాకు నేర్పింది.

నేను మునిసిపాలిటీ ఇంజనీరింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడదాన్నైనా ఉద్యోగం పేరు అదే. ఎండలు ఇంకా ముదరకముందు ఒకరోజు ఇంజనీరుగారు పాత ఆసుపత్రి ఫైలు తెచ్చి నా బల్లమీద పెట్టారు. ఆ కట్టడాన్ని పడగొట్టేసి, స్థలంలో కింద దుకాణాలు, పైన ఆఫీసులు, వెనక కార్లు నిలిపే చోటు కడతారట. పడగొట్టేముందు ఉన్నదంతా కొలిచి కాగితం మీద పెట్టాలి. పాత ప్లాను దొరుకుతుందేమోనని రికార్డు గదికి వెళ్ళాను గాని, చెదపురుగులు నాకంటే ముందే వచ్చి చదివేసి వెళ్ళాయి.

"నాలుగు వారాల్లో డ్రాయింగు నా చేతికి రావాలి," అన్నారు ఇంజనీరుగారు.

"టేపు రెండో చివర ఎవరు పట్టుకుంటారు సార్?" అన్నాను. ఆ పని మా చైన్‌మన్‌ది. అతను ముందు వారమే నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"ఎవరో ఒకర్ని చూసుకోండమ్మా. టేపు పట్టుకోడానికి పెద్ద చదువులేం కావాలి?"

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా చెప్పి ఆఫీసునీ, చైన్‌మన్‌నీ, నిచ్చెననీ కలిపి తిట్టాను. మా ఆయన నవ్వుతూ, "అమ్మని తీసుకెళ్ళు. ఆ ఆసుపత్రి అమ్మకి తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అన్నాడు. అనేసి వెంటనే నాలిక కరుచుకున్నాడు. గదిలో మంచం కిర్రుమంది.

"టేపు పట్టుకోడానికి కళ్ళెందుకురా?" అంది అత్తయ్య లోపల్నించి.

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. నేను నోట్లో ముద్ద మింగడం కూడా మర్చిపోయాను.

"కాకపోతే ఊరు లేవకముందే వెళ్ళాలి," అంది మళ్ళీ. "వెనక గేటులోంచి వెళ్ళాలి. దుకాణాలు తెరిచేలోపు ఇంట్లో ఉండాలి. ఒప్పుకుంటేనే."

"ఒప్పుకున్నా అత్తయ్యా!"

"ఇంకో మాట. నువ్వు నా చెయ్యి పట్టుకోకూడదు."

అదీ ఒప్పుకున్నాను. ఆ క్షణంలో ఆవిడ చందమామని అడిగినా ఒప్పుకునేదాన్ని.

ఇక్కడ మా ఆఫీసు టేపు గురించి చెప్పాలి. అది వంద అడుగుల గుడ్డ టేపు. కొత్తది కావాలని రెండేళ్ళుగా పైకి రాస్తూనే ఉన్నాను. మొదటి అడుగు చిరిగి పీలికలైపోయింది. అందుకని మేం ఒకటో అంకె దగ్గర గోడకి ఆన్చి పట్టుకుని కొలిచి, వచ్చినదాంట్లోంచి ఒక అడుగు తీసేస్తాం. ఇరవై మూడు వస్తే ఇరవై రెండన్నమాట. నేను కొలిచేటప్పుడు టేపు మీద ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో రాసుకుంటాను, తర్వాత తీరిగ్గా బల్ల దగ్గర గీసేటప్పుడు ఒక్కొక్కటీ తీసేస్తాను. పదేళ్ళ అలవాటు. అత్తయ్యకి అంకెలు కనబడవు గనక, సరిగ్గా ఒకటి మీద మందపాటి దారంతో ముడి కుట్టాను. ఆవిడ ఆ ముడి మీద బొటనవేలు పెట్టి గోడకి అదిమి పట్టుకోవాలి. అంతే పని.

మర్నాడు ఐదున్నరకి మా ఆయన తన సామాన్ల బండిలో మమ్మల్ని వెనక గేటు దగ్గర దింపాడు. ఆసుపత్రి ఉన్న రోజుల్నించీ కాపలా ఉన్న వాచ్‌మన్ దగ్గుకుంటూ వచ్చి తాళం తీశాడు. టార్చి వెలుగు ముందు నా మీద పడింది, తర్వాత నా వెనకాల.

"పెద్ద సిస్టరమ్మా!"

"గట్టిగా అరవకు. ఆ దగ్గు ఇంకా వదల్లేదా నిన్ను? అప్పుడే చెప్పా, బీడీలు మానెయ్యమని."

వాచ్‌మన్ టార్చి ఆర్పేసి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అత్తయ్య ఒక చెయ్యి ముందుకి చాచి గోడని వెతుక్కుంది, దొరికాక అరచెయ్యి దానికి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గోడమీద చెయ్యి రాసుకుంటూ నాకంటే ముందే నడిచింది.

మొదటి వారం కట్టడాన్ని బయట చుట్టూ కొలిచి, పడమటి వైపు గదులు కొలిచాం. ఆవిడ అంత మంచి చైన్‌మన్‌ని నేను ఇంతవరకు చూడలేదు. మా ఆఫీసు చైన్‌మన్ టేపు పట్టుకుని పక్కవాడితో కబుర్లు చెబుతాడు, ఈవిడ ఊపిరి కూడా బిగబట్టేది. "పట్టుకున్నా" అంటే పట్టుకున్నట్టే. టేపు వంకర పోతే నాకంటే ముందు ఆవిడకే తెలిసేది. "వదులుగా ఉంది, లాగు" అని అవతలి గోడ దగ్గర్నించి అరిచేది. ఒక గది అయ్యాక నేను టేపు చుట్టుకుంటూ ముందుకు వెళ్తే, ఆవిడ టేపు వదలకుండా దాని వెంటే వచ్చేది. చెయ్యి పట్టుకోకూడదనే షరతు అలా నిలబడింది.

గదుల పేర్లు కూడా ఆవిడే చెప్పేది. "ఇది కట్లు కట్టే గది. ఇది పిల్లల బరువు చూసే గది. ఇది పెద్ద డాక్టరమ్మ కోపం వస్తే వచ్చి కూర్చునే గది, దీని పక్కనుంచి మేం మునివేళ్ళమీద నడిచేవాళ్ళం." ప్రసవాల గదిలోకి వెళ్ళినప్పుడు మాత్రం మధ్యలో ఆగిపోయింది.

"కొత్త కట్టడంలో ఇక్కడ ఏమొస్తుందే?"

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. "కార్లు నిలిపే చోటు అత్తయ్యా."

"పోనీలే. మేం కూడా ఇక్కడ ఎవర్నీ ఎక్కువసేపు ఉండనిచ్చేవాళ్ళం కాదు. వెనక ఇంకొకరు కాచుకుని ఉండేవాళ్ళు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వి, బల్ల ఉండే చోటేమో, అక్కడ గాల్లో చెయ్యి ఆడించింది. "కరెంటు పోయేది తెలుసా? జనరేటరు వచ్చేదాకా చేత్తోనే చూసుకునేవాళ్ళం. తల ఎక్కడుంది, భుజం ఎటు తిరిగింది, అంతా వేళ్ళే చెప్పేవి. అప్పుడు కూడా నాకు కళ్ళతో పనుండేది కాదే." ఆవిడ గొంతులో గర్వం వినబడి ఎన్నాళ్ళైందో! పుస్తకంలో తల దూర్చి, రాసిన అంకెల మీదే మళ్ళీ రాశాను.

రెండో వారం తూర్పు వైపు మొదలుపెట్టాం. అటు పదకొండు గదులు రైలుపెట్టెల్లా వరసగా ఉంటాయి. అప్పటికి అత్తయ్య పనిలో ఆరితేరిపోయి నామీద అజమాయిషీ మొదలుపెట్టింది. నేను "ఇరవై మూడు" అని చదవడం ఆలస్యం, అవతల్నించి "ఒకటి తీసెయ్యి!" అని కేక. "గుర్తుంది అత్తయ్యా" అన్నా వినదు. ప్రతి గదిలోనూ, ప్రతి గోడ దగ్గరా, "ఒకటి తీసెయ్యి!" ఆవిడ ఆసుపత్రిలో కొత్త నర్సుల్ని ఎంత కాల్చుకు తినేదో అప్పుడర్థమైంది.

ఇల్లు మారిపోయింది. నాలుగున్నరకే నా తలుపు కొట్టి, "లేవవే, సూర్యుడు నీకంటే నయం" అనేది. రేడియో మళ్ళీ మోగింది. కొడుకు చొక్కాకి గ్రీజు వాసన వస్తోందని గొడవ పెట్టుకుంది. ఆ గొడవ విని మా ఆయన వాకిట్లోకి వెళ్ళి ఒక్కడే నవ్వుకోవడం నేను చూశాను. అంత సంతోషంగా ఉన్న మనిషిని పెళ్ళినాడు కూడా చూడలేదు.

అలాగని ఆవిడ భయం పోయిందని కాదు. ఒకరోజు పని ఆలస్యమై ఎనిమిదిన్నర దాటింది. బయట దుకాణాల షట్టర్లు లేస్తున్న చప్పుడు వినగానే అత్తయ్య ముఖం పాలిపోయింది. కొంగు తలమీద కప్పుకుని, గేటు ఎటుందో మర్చిపోయినట్టు గబగబా నడిచి గేటు స్తంభానికి భుజం కొట్టుకుంది. బండిలో ఇంటికి వచ్చేదాకా తల ఎత్తలేదు. ఆ రోజు అనుకున్నాను, ఇంకా సగం పనే అయింది, ఆసుపత్రిది కాదు, మా అత్తయ్యది అని.

నాలుగో వారం మొదట్లో డ్రాయింగు పూర్తిచేసి ఇంజనీరుగారి ముందు పరిచాను. ఆయన బయటి కొలతనీ లోపలి కొలతల్నీ కూడి సరిచూసుకున్నారు. పడమటి వైపు అంగుళం తేడా లేదు. తూర్పు వైపుకి వచ్చేసరికి ఆయన పెన్సిలు ఆగిపోయింది.

"బయట నూట తొంభై ఎనిమిది అడుగులు. లోపల గదులు, గోడలు అన్నీ కూడితే నూట ఎనభై ఏడు. మిగతా పదకొండు అడుగులు ఏ ఎలుకలు ఎత్తుకుపోయాయమ్మా?"

నేను మళ్ళీ కూడాను. నూట ఎనభై ఏడే.

"టేపు ఎవరు పట్టుకున్నారు?"

"మా అత్తగారు సార్."

"ఆవిడకి చూపు లేదన్నారు కదా?"

వెనక బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. పదేళ్ళలో నా డ్రాయింగు వెనక్కి రావడం అదే మొదటిసారి. ఆ నవ్వు చెవిలో పెట్టుకుని ఇంటిదాకా నడిచాను. దారిలో ఆగి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

అత్తయ్య ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, నా అడుగుల చప్పుడు కోసమే ఎదురు చూస్తున్నట్టుంది. ఇంకా బయటి షెడ్లు కొలవాల్సి ఉంది.

"వచ్చావా? బొమ్మ బాగా కుదిరిందన్నారా? రేపు ఎన్ని గంటలకి?"

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు," అన్నాను. "పదకొండు గదులూ తప్పే. ముడి దగ్గర పట్టుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఎక్కడ పట్టుకున్నారో ఏమిటో! అయినా మిమ్మల్ని అనుకుని ఏం లాభం? కళ్ళు లేని మనిషిని నమ్ముకుని పనికి దిగాను చూడండి, నన్ను అనాలి."

అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచి, తలుపు ఎక్కడుందో ఆవిడకి తెలియదా, అయినా ఆ రోజు తడుముకుంటూ వెళ్ళింది. గది తలుపు మెల్లిగా మూసుకుంది. విసురుగా వేసినా బాగుండేది.

తర్వాత మూడు రోజులు ఆ తలుపు భోజనానికి మాత్రమే తెరుచుకుంది. నేను పలకరిస్తే "ఊఁ" అనేది. రేడియో లేదు, నాలుగున్నర పిలుపు లేదు. మా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. శనివారం మాత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మ మంచం మీద కూర్చుని ఏం చేస్తోందో తెలుసా? బొటనవేలు మిగతా వేళ్ళకి రాసుకుని చూసుకుంటోంది. ఒక్కొక్క వేలూ. ఏమైందమ్మా అంటే ఏం లేదంటోంది. నాకేం అర్థం కావట్లేదు."

నాకూ అర్థం కాలేదు. అర్థం కాలేదని ఊరుకునేదాన్నేమో గాని, ఆదివారం మధ్యాహ్నం తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలని కొలతల పుస్తకం తీసి కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అత్తయ్య తప్పేనని కాగితం మీద చూసుకుందామనే కూర్చున్నాను.

పడమటి వైపు పేజీల్లో టేపు మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇరవై మూడు, పంతొమ్మిది, ఇరవై ఒకటి. తూర్పు వైపు పేజీ తిప్పాను. మొదటి గది, ఇరవై మూడు, దాని మీద కొట్టివేత, పక్కన ఇరవై రెండు. రెండో గది పద్ధెనిమిది, కొట్టివేత, పదిహేడు. మూడో గది నుంచి కొట్టివేతలు కూడా లేవు. చూస్తుంటే చెవిలో ఆవిడ కేక వినబడింది. ఒకటి తీసెయ్యి! ఆవిడ తీసెయ్యమన్నప్పుడల్లా నేను అక్కడికక్కడే తీసేసి రాసుకున్నాను. ఇంటికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక, పదేళ్ళ అలవాటు కొద్దీ, మళ్ళీ తీసేశాను. గదికి ఒక అడుగు. పదకొండు గదులకి పదకొండు.

ఆడలేక మద్దెల ఓడన్నది నాలాంటిదాన్ని చూసే పుట్టి ఉంటుంది. పుస్తకం పట్టుకుని వెళ్ళి గది తలుపు తోశాను. అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆవిడ పక్కన, మంచం మీద కూర్చోడానికి ధైర్యం చాలక నేలమీద కూర్చున్నాను.

"అత్తయ్యా, తప్పు నాది."

ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాను. ఎక్కడా నాకు అనుకూలంగా చెప్పుకోలేదు. అంతా అయ్యాక ఆవిడ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"అయితే నేను ముడి దగ్గరే పట్టుకున్నానా?"

"ముడి దగ్గరే పట్టుకున్నారు."

"అన్ని గదుల్లోనూ?"

"అన్ని గదుల్లోనూ అత్తయ్యా. ఒక్క దాంట్లో కూడా మీ వేలు పక్కకి జరగలేదు."

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు తల వంచింది, చూస్తున్నట్టే. "కళ్ళు పోయాయి సరే," అంది. "వేళ్ళు కూడా పోయాయేమోననుకున్నానే."

ఆవిడ మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. చిన్నపిల్లలా ఏడ్చాను, చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు. ఆవిడ వెంటనే ఏమీ తల నిమరలేదు. కొంచెంసేపు నన్ను ఏడవనిచ్చింది. ఆ తర్వాతే జుట్టులో వేళ్ళు పెట్టింది.

"నూనె పెట్టుకుని ఎన్నాళ్ళైంది నువ్వు?" అంది.

సోమవారం పొద్దున్నే ఇంజనీరుగారి ముందు నిలబడి, అందరికీ వినబడేలా, తప్పు నాదని, టేపు పట్టుకున్న మనిషిది కాదని చెప్పాను. గదికో అడుగు కలిపి సరిచేసి ఇస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కాగితం మీద సర్దడం కుదరదు. మళ్ళీ కొలవండి. బుధవారంలోగా కావాలి. చైన్‌మన్ కూడా వచ్చాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, తీసుకెళ్ళండి."

"వద్దు సార్. నాకు మనిషి ఉంది."

"ఆవిడేనా?"

"ఆవిడే."

ఆయన నా ముఖం చూసి సరేనని తలూపారు. కానీ ఒక చిక్కు ఉంది. పడగొట్టే కాంట్రాక్టరు అప్పటికే పైకప్పు విప్పడం మొదలుపెట్టాడు. అతని మనుషులు తెల్లవారుజాము నుంచి పదకొండున్నరదాకా పనిచేసి, ఎండకి ఆగిపోతారు. మేం లోపలికి వెళ్ళాలంటే మిట్టమధ్యాహ్నమే వెళ్ళాలి. వెనక గేటు ముందు విప్పిన రేకులు గుట్టలా పడి ఉన్నాయి. ముందు గేటుకి వెళ్ళే రోడ్డుని బళ్ళు రాకుండా కట్టేశారు. అంటే నాలుగురోడ్ల కూడలి నడిచి దాటాలి, ఊరంతా అక్కడే ఉండే వేళకి.

ఇంటికి వచ్చి ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరు రాలేనంటే చైన్‌మన్‌ని పంపుతామన్నారు" అని కూడా చెప్పాను. బతిమాలలేదు. నాలుగు రోజుల కిందట అన్న మాట ఇంకా నా నోట్లో చేదుగానే ఉంది, బతిమాలే హక్కు ఎక్కడిది?

నేను లేచి వెళ్ళిపోబోతుంటే అత్తయ్య అడిగింది.

"ఎండ ఎలా ఉంది?"

"మాడిపోతోంది."

"అయితే గొడుగు తియ్యి."

కూడలి దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండున్నర. బడి వదిలిన పిల్లలు, పళ్ళబళ్ళు, హారన్లు, ఫోన్ల దుకాణంలోంచి పాటలు. రోడ్డు అంచున అత్తయ్య ఆగిపోయింది. నేను గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, షరతు ప్రకారం ఒక చేతి దూరంలో. ఆవిడ పెదవులు బిగించుకుని ఉంది. వెనక్కి వెళ్ళిపోదామా అని అడగడానికి నోరు తెరిచాను.

"ఏదే, నీ చెయ్యి?" అంది.

ఇచ్చాను. ఆవిడ అరచెయ్యి తడిగా, గట్టిగా ఉంది. రోడ్డు మీదికి దిగాం. నడిమధ్యలో ట్రాఫిక్ పోలీసు విజిలేసి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి, ఆగండి! ముసలామె దాటుతోంది, కనబడట్లేదా?" స్కూటరు మీదాయన కాలు కింద పెట్టి ఆగాడు. పళ్ళబండివాడు "ఇటు రామ్మా, అటు గుంత ఉంది" అని బండి జరిపాడు. ఆ పోలీసు పుట్టినప్పుడు కాన్పు చేసింది ఈవిడే, వాళ్ళమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. పళ్ళబండివాడి ముగ్గురు పిల్లలూ ఈవిడ చేతుల్లోనే పుట్టారు. ఎవరో ఒకరు ఇప్పుడు 'పెద్ద సిస్టరు' అంటారు, అయ్యో అంటారు, అని గుండె చిక్కబట్టుకుని నడిచాను. మేం అవతలికి చేరాం. విజిలు మోగింది. బళ్ళు కదిలాయి. ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

ఆసుపత్రి ముందు గేటు లోపలికి వచ్చి నీడలో నిలబడ్డాం. అత్తయ్య ఊపిరి పీల్చుకుంది.

"అక్కడ ఎంతమంది ఉన్నారే?"

"వంద మంది ఉంటారు."

"నన్ను ముసలామె అన్నవాడెవడు?"

"ట్రాఫిక్ పోలీసు. ముప్పై ఏళ్ళుంటాయి."

"ఒక్కడంటే ఒక్కడు గుర్తుపట్టలేదేమే?"

ఆవిడ నొచ్చుకుందేమోనని నాకు భయం వేసింది. "గొడుగు అడ్డం వచ్చిందిలెండి అత్తయ్యా," అన్నాను తడబడుతూ.

"గొడుగేం కాదు." ఆవిడ ముఖం నాకు అర్థం కాని విధంగా కదిలింది. "నేను వాళ్ళని చూసినప్పుడు వాళ్ళ వయసు ఒక్క నిమిషమే. ఆ వయసులో ఎవరికి మాత్రం ఏం కనిపిస్తుంది?"

నవ్వు మొదలైంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు. గోడకి ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వుతూనే, "ఇంతోటి దానికా నేను పద్నాలుగు నెలలు గదిలో కూర్చున్నది!" అంది.

లోపల రేకులు లేని కప్పులోంచి ఎండ నిలువుగా దిగుతోంది. పదకొండు గదులు కొలవాలి, సాయంత్రంలోగా. ఆవిడ ఇంకా నా చెయ్యి వదల్లేదు. అది నేను రాసుకునే చెయ్యి. వదలమని అడగబుద్ధి కాలేదు. గదులెక్కడికి పోతాయని కాసేపు అలాగే నిలబడ్డాం.